ఇరవై ఏళ్ల మిడ్‌ఫీల్డర్‌ని లోన్‌కి ఇచ్చేశారు: మంచిదా, కాదా?

ముందు మీ ప్రశ్నని క్లుప్తంగా చెప్తాను, కొత్తగా చదివేవాళ్లకి కూడా అర్థమవుతుంది. మీరు అభిమానించే ప్రీమియర్ లీగ్ క్లబ్ తన అకాడమీలో పెరిగిన ఇరవై ఏళ్ల సెంట్రల్ మిడ్‌ఫీల్డర్‌ని సీజన్ మొత్తానికీ ఓ ఛాంపియన్‌షిప్ (ప్రీమియర్ లీగ్‌కి కింది లీగ్) జట్టుకి లోన్ ఇచ్చింది, అంటే అమ్మకుండా కొంతకాలం ఆడటానికి పంపింది. ఆదివారం ఏయూ గ్రౌండ్‌లో ఆట అయ్యాక మీ వైజాగ్ బ్యాచ్ రెండుగా చీలిపోయింది. "బెంచీ మీద కూర్చోబెట్టడం కంటే నయమే కదా" అని సగం మంది. "ఇది అమ్మకానికి మొదటి మెట్టు, రాసిపెట్టుకో" అని మిగతా సగం. ఎవరిది రైటు అని అడిగారు.

క్లబ్ విడుదల చేసిన ఆ నాలుగు లైన్ల ప్రకటన చూసి ఎవరూ తేల్చలేరు. అందులో జట్టు పేరు, సీజన్ చివరి దాకా అన్న మాట తప్ప ఏమీ ఉండదు. అసలు అడగాల్సింది అతన్ని అక్కడ ఏ పొజిషన్‌లో ఆడిస్తారు, ఆ కోచ్ ఆట ఎలాంటిది, కాగితం మీద షరతులేంటి, తిరిగొచ్చే సమయానికి సొంత క్లబ్‌లో ఖాళీ ఉంటుందా అని. వీటిలో మొదటి రెండూ తేలితే మీ వాదన సగం తేలినట్టే.

స్ట్రైకర్ లోన్‌కి వెళ్తే లెక్క తేలిక, గోల్స్ కనబడతాయి. గోల్‌కీపర్ అయితే ఎక్కడికెళ్లినా బంతి అతని మీదకే వస్తుంది. మిడ్‌ఫీల్డర్ అలా కాదు, చుట్టూ ఉన్న పదిమంది బంతిని ఎలా ఆడతారో అతనూ అలాగే కనబడతాడు. ఆర్.కె. బీచ్ ఇసుకలో మధ్యలో ఆడినవాళ్లకి ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. ఇసుకలో బంతి దొర్లదు కాబట్టి వెనకవాళ్లు పైకి లేపి కొడతారు, ముందువాళ్లు పరిగెడతారు, మధ్యలో ఉన్నవాడు తల పైకెత్తి చూస్తూ ఉంటాడు. రెలిగేషన్ (కింది లీగ్‌కి దిగిపోవడం) గండంలో ఉన్న జట్టులో పాసింగ్ మిడ్‌ఫీల్డర్ పరిస్థితి కూడా అంతే. బంతి ఎక్కువసేపు తన దగ్గర ఉంచుకునే జట్టులో 'సిక్స్' (డిఫెండర్ల ముందు ఆడే మిడ్‌ఫీల్డర్) ఒక మ్యాచ్‌లో 80, 90 సార్లు బంతిని తాకుతాడు. లోతుగా కూర్చుని డిఫెండ్ చేసే జట్టులో అదే కుర్రాడికి 40 టచ్‌లు దొరికితే గొప్ప. ఆ 40లో కూడా చాలావరకు క్లియరెన్సులూ, హెడర్లూ.

బిల్లీ గిల్మర్ విషయం ఇదే. 2021–22లో చెల్సీ అతన్ని నార్విచ్‌కి ఇచ్చింది. కాగితం మీద చక్కటి ఎంపిక: డేనియల్ ఫార్క జట్టు ముందు సీజన్‌లో ఛాంపియన్‌షిప్ గెలిచి పైకొచ్చింది, కింద నుంచి పాసులతో ఆడే జట్టు. పై లీగ్‌లోకి వచ్చేసరికి బంతి వాళ్ల దగ్గర నిలవలేదు. నవంబర్‌లో ఫార్కని తీసేసి డీన్ స్మిత్‌ని పెట్టారు, చివరికి జట్టు ఇరవయ్యో స్థానంలో కిందికి దిగిపోయింది. గిల్మర్‌కి ఆట రాదని అప్పుడు తేల్చేసినవాళ్లు చాలామంది. తర్వాత బ్రైటన్‌లో ఆడాడు, 2024లో నాపోలీకి వెళ్లి ఆ సీజన్ ఇటలీ లీగ్ గెలిచిన జట్టులో ఉన్నాడు. కుర్రాడు మారలేదు, చుట్టూ ఆట మారింది. అందుకే లోన్ తీసుకున్న జట్టు కోచ్ కుర్చీ ఎంత గట్టిగా ఉందో ముందే చూడమంటాను. కుర్రాడిని కావాలని అడిగి తెచ్చుకున్న కోచ్ అక్టోబర్‌లో పోతే, కొత్తగా వచ్చినాయనకి ఈ లోన్ కుర్రాడు ఎవరో కూడా పట్టదు. తన సొంత ఆటగాళ్లని ఆడిస్తే వాళ్ల ధర పెరుగుతుంది, పరాయి క్లబ్ ఆటగాడిని ఆడిస్తే ఏమొస్తుంది?

దీనికి అటువైపు ఉదాహరణ చెల్సీ అకాడమీ కుర్రాడే అయిన కానర్ గాలగర్. 2020–21లో వెస్ట్ బ్రామ్‌లో ఆడితే ఆ జట్టు దిగిపోయింది, లీగ్‌లో అతనికి 2 గోల్స్. మరుసటి ఏడు క్రిస్టల్ ప్యాలస్‌లో పాట్రిక్ వియెరా అతన్ని ముందుకెళ్లి ప్రెస్ చేసే (బంతి లాక్కోవడానికి ప్రత్యర్థి మీద పడే) 'ఎయిట్'గా, అంటే రెండు వైపులా పరిగెత్తే మధ్య ఆటగాడిగా వదిలాడు, 8 లీగ్ గోల్స్ కొట్టాడు. రెండూ ప్రీమియర్ లీగే, రెండూ లోన్లే. కాబట్టి మీ కుర్రాడు వెళ్లిన జట్టు ఫార్మేషన్ చూడండి. 4-3-3లో (వరసగా డిఫెండర్లు, మిడ్‌ఫీల్డర్లు, ఫార్వర్డ్‌ల లెక్క) ఇద్దరు ఎయిట్లకి చోటుంది. 4-2-3-1లో 'టెన్'గా (స్ట్రైకర్ వెనక ఆడే చోటు) అనుభవమున్న ఆటగాడు ముందే ఉంటే మీవాడిని వింగ్‌కి నెడతారు. 4-4-2లో మధ్య ఇద్దరూ ముందు పరిగెత్తాలి, తర్వాతే పాసు. పెద్ద క్లబ్ అకాడమీ నుంచి వచ్చిన సన్నటి కుర్రాళ్లు తడబడేది ఎక్కువగా ఇక్కడే.

ఇక నిమిషాల లెక్క. ఛాంపియన్‌షిప్‌లో 46 మ్యాచ్‌లు, అంటే 4,140 నిమిషాలు. నేను చూసినంతవరకు ఇరవై ఏళ్ల మిడ్‌ఫీల్డర్‌కి అందులో సగం, సుమారు 2,000 నిమిషాలు దక్కితే లోన్ పనికొచ్చినట్టు. "మావాడు 25 మ్యాచ్‌లు ఆడాడు" అనే లెక్క నమ్మకండి. 25 సార్లు 75వ నిమిషంలో దిగితే మొత్తం 375 నిమిషాలు, నాలుగు పూర్తి మ్యాచ్‌లకి కాస్త ఎక్కువ. డిసెంబర్ ఆఖరికి సీజన్ దాదాపు సగం అయిపోతుంది. అప్పటికి 1,000 నిమిషాలు దాటితే నిశ్చింత. 600 లోపు ఉంటే ఆటగాడిని వెనక్కి పిలవాల్సిన సమయం, నా దృష్టిలో.

వెనక్కి పిలవడం అన్నిసార్లూ కుదరదు, మీ బ్యాచ్‌లో దీని మీద ఎవరూ మాట్లాడినట్టు లేరు. ఒప్పందంలో రీకాల్ షరతు ఉండాలి, సీజన్ లోన్లకి అది సాధారణంగా జనవరి విండోలోనే పనిచేస్తుంది. దాని పైన ఫిఫా నిబంధన ఒకటుంది: ఒక సీజన్‌లో ఆటగాడు మూడు క్లబ్‌లలో రిజిస్టర్ కావచ్చు, కానీ అధికారిక మ్యాచ్‌లు రెండు క్లబ్‌లకే ఆడాలి. లోన్‌కి వెళ్లే ముందు ఆగస్టులో సొంత క్లబ్ తరఫున ఐదు నిమిషాలు దిగినా అది ఒక క్లబ్ కింద లెక్కే. లోన్ క్లబ్ రెండోది. అప్పుడు జనవరిలో ఇంకో క్లబ్‌కి పంపి ఆడించే దారి దాదాపు మూసుకుపోతుంది, వేరే క్యాలెండర్‌తో నడిచే లీగ్ అయితే తప్ప.

ఫాబియో కార్వాల్యోది ఇలా కాలేదు కాబట్టే బతికిపోయాడు. 2023 వేసవిలోనే లివర్‌పూల్ అతన్ని లైప్‌జిగ్‌కి పంపింది, ఆ సీజన్‌లో లివర్‌పూల్‌కి మ్యాచ్ ఆడలేదు. లైప్‌జిగ్‌లో నిమిషాలు దొరక్కపోతే ఏడాది చివర్లో వెనక్కి పిలిచి, జనవరిలో హల్ సిటీకి ఇచ్చారు. అక్కడ సగం సీజన్‌లోనే 9 గోల్స్ కొట్టాడు. ఆ వేసవిలో బ్రెంట్‌ఫర్డ్ కొనుక్కుంది. పెద్ద పేరున్న క్లబ్ కంటే ఆడించే క్లబ్ మేలని ఇంతకంటే తేటగా చూపించే లోన్ నాకు తట్టట్లేదు.

షరతుల విషయానికొస్తే, అన్నిటికంటే హార్వీ ఎలియట్ కథ చూడండి, ఎందుకంటే ఒకే కుర్రాడివి రెండు లోన్లు. 2020–21లో లివర్‌పూల్ నుంచి బ్లాక్‌బర్న్‌కి మామూలు లోన్. వారం వారం ఆడాడు, ఛాంపియన్‌షిప్‌లో 7 గోల్స్, 11 అసిస్టులు. 2025 సెప్టెంబర్‌లో ఆస్టన్ విల్లాకి ఇంకో లోన్, ఈసారి 10 మ్యాచ్‌లు ఆడితే 3.5 కోట్ల పౌండ్లకి కొనితీరాలనే షరతుతో అని వార్తలొచ్చాయి. సీజన్ మొదటి సగంలో అతన్ని దాదాపు పక్కన పెట్టేశారు. ఆడించిన కొద్దీ కొనాల్సిన రోజు దగ్గర పడుతుంది, ఆ ధర ఇవ్వడానికి క్లబ్‌కి మనసు లేకపోతే కోచ్ చేతులు కట్టేసినట్టే. పైగా సీజన్ మొదట్లో లివర్‌పూల్‌కి కూడా ఆడి ఉన్నాడు కాబట్టి పైన చెప్పిన రెండు క్లబ్‌ల నిబంధన అడ్డం. కుర్రాడు రెంటికీ చెడ్డ రేవడి అయ్యాడు.

2022లో గ్రీజ్‌మన్‌ది కూడా ఇలాంటి వ్యవహారమే. బార్సిలోనాకి డబ్బు కట్టాల్సి వస్తుందని, లోన్ మీద తెచ్చుకున్న అట్లెటికో మాడ్రిడ్ అతన్ని కొన్నాళ్లు అరవయ్యో నిమిషం దాటాక మాత్రమే దించింది. ఆ తర్వాత రెండు క్లబ్‌లూ వేరే ధరకి తేల్చుకున్నాయి.

కాబట్టి ప్రకటనలో "ఆప్షన్" అని ఉందా, "ఆబ్లిగేషన్" అని ఉందా, రెండూ లేవా చూడండి. ఆప్షన్ అంటే లోన్ క్లబ్‌కి ఇష్టమైతే కొనచ్చు. ఆబ్లిగేషన్ అంటే షరతు నెరవేరిన రోజున కొని తీరాలి. రెండూ లేకపోతే మీ బ్యాచ్‌లో ఓపిక పట్టమన్నవాళ్ల వాదనకి బలం. ఆబ్లిగేషన్ ఉంటే అది వాయిదాల మీద అమ్మకమే, దాన్ని లోన్ అని పిలవడం మాటవరసకే.

బయటికి తెలియని షరతు ఇంకోటి ఉంటుంది, జీతం వాటా. మంచి క్లబ్‌లు దీన్ని ఆటగాడి నిమిషాలతో ముడిపెడతాయి. ఉదాహరణకి వారానికి 20 వేల పౌండ్ల జీతం అనుకుందాం: 70 శాతం మ్యాచ్‌లలో మొదటి నుంచీ ఆడిస్తే లోన్ క్లబ్ 8 వేలు కడితే చాలు, లేకపోతే మొత్తం 20 వేలూ కట్టాలి. ఇలా రాసుకుంటే బెంచీ మీద కూర్చోబెట్టడం లోన్ క్లబ్‌కే నష్టం. కుర్రాడి ఎదుగుదల కోసం పంపినట్టు నిజమైన గుర్తు ఇదే. స్థానిక విలేకరులు ఒక్కోసారి రాస్తారు, వెతకండి.

మీ బ్యాచ్‌లో ఎవరో "25 మంది జాబితాలో చోటు కోసం పంపేశారు" అన్నారట. అది తప్పు. ప్రీమియర్ లీగ్‌లో 21 లోపు ఆటగాళ్లు ఆ 25లో లెక్కకి రారు, జాబితాలో పేరు లేకుండానే ఆడొచ్చు. ఫిఫా 2022 జూలై నుంచి తెచ్చిన అంతర్జాతీయ లోన్ల పరిమితి (2024 నుంచి బయటికి 6, లోపలికి 6) కూడా 21 లోపువాళ్లకీ, క్లబ్‌లోనే తయారైనవాళ్లకీ వర్తించదు.

అమ్మేస్తారని భయపడేవాళ్లకి మాత్రం గట్టి కారణమే ఉంది. అకాడమీ కుర్రాడికి ఖాతా పుస్తకాల్లో కొన్న ధర ఉండదు. 4 కోట్ల పౌండ్లకి కొని అయిదేళ్ల కాంట్రాక్ట్ ఇచ్చిన ఆటగాడైతే ఏడాదికి 80 లక్షల చొప్పున ఖర్చు రాస్తారు. రెండేళ్ల తర్వాత 3 కోట్లకి అమ్మినా లాభం 60 లక్షలే. అకాడమీ వాడిని 3 కోట్లకి అమ్మితే ఆ 3 కోట్లూ లాభమే. 2023లో అకాడమీ వాడైన మేసన్ మౌంట్‌నీ, 2024లో గాలగర్‌నీ చెల్సీ అమ్మినప్పుడు ఈ లెక్క అందరి నోటా నానింది. అందుకని ముందు కాంట్రాక్ట్ చివరి తేదీ చూడండి. లోన్‌కి పంపేముందు రెండు మూడేళ్లు పొడిగిస్తే కుర్రాడి మీద క్లబ్‌కి ఆశ ఉన్నట్టు, కనీసం అతని విలువ కాపాడుకుంటున్నట్టు. లోన్ ముగిసే జూన్ 30కే కాంట్రాక్ట్ కూడా ముగుస్తుంటే అది వీడ్కోలు. మధ్యలో ఏడాది మిగిలి ఉంటే మీ వాదన ఇంకొన్నాళ్లు నడుస్తుంది.

చివరిగా ఖాళీ సంగతి. ఓడెగార్డ్ 2019–20లో రియల్ సోసియెడాడ్‌లో లోన్ మీద అద్భుతంగా ఆడాడు, రెండో ఏడాది ఉండాల్సినవాణ్ణి రియల్ మాడ్రిడ్ వెనక్కి పిలిచింది. వచ్చి చూస్తే మధ్యలో కాజెమీరో, క్రోస్, మోడ్రిచ్ ముగ్గురూ కదలకుండా ఉన్నారు. 2021 జనవరిలో ఆర్సెనల్‌కి లోన్, ఆగస్టులో అమ్మకం. లోన్‌లో ఎంత బాగా ఆడినా సొంతింట్లో కుర్చీ ఖాళీ కాదు. మీ క్లబ్‌లో అదే పొజిషన్‌లో ఎవరున్నారు, వాళ్ల వయసెంత, కాంట్రాక్ట్ ఎప్పటిదాకా అని ఓ కాగితం మీద రాసుకోండి. ముప్పై దాటినవాడు ఒకడైనా వచ్చే వేసవికి వెళ్లిపోయేలా ఉంటే ఆశ పెట్టుకోవచ్చు.

మ్యాచ్‌లు ఫాలో అవడానికి: అక్టోబర్ ఆఖరి ఆదివారం దాకా ఇంగ్లండ్‌లో మధ్యాహ్నం 3 గంటల మ్యాచ్ మనకి రాత్రి 7:30కి, ఆ తర్వాత మార్చి ఆఖరి దాకా 8:30కి. వారం మధ్యలో 7:45 మ్యాచ్ అయితే మనకి అర్ధరాత్రి 12:15, చలికాలంలో 1:15. తెల్లారి ఎ-షిఫ్ట్ ఉన్న స్టీల్ ప్లాంట్ మిత్రులు అవి వదిలేసి, పొద్దున సోఫాస్కోర్ యాప్‌లో నిమిషాలు, టచ్‌లు, హీట్‌మ్యాప్ (మైదానంలో ఎక్కడెక్కడ ఎక్కువగా ఉన్నాడో చూపే రంగుల పటం) చూసుకుంటే సరిపోతుంది. హీట్‌మ్యాప్‌లో రంగు సొంత పెనాల్టీ బాక్స్ ముందే ముద్దగా ఉంటే గిల్మర్ పరిస్థితి. మధ్య వృత్తం నుంచి ఎదుటి బాక్స్ అంచు దాకా పరుచుకుంటే గాలగర్ దారి. సైడ్‌లైన్‌కి అంటుకుని ఉంటే వింగ్‌కి నెట్టేశారని అర్థం, నిమిషాలు ఎన్ని వచ్చినా సెంట్రల్ మిడ్‌ఫీల్డర్‌గా నేర్చుకునేది తక్కువ.

ఒక్క మ్యాచ్ చూసి తేల్చకండి, మొదటి మ్యాచ్ అసలే వద్దు. కాల్విన్ ఫిలిప్స్ 2024 ఫిబ్రవరిలో వెస్ట్‌హామ్‌కి తొలి మ్యాచ్ ఆడుతూ మూడో నిమిషంలోనే తప్పు పాస్‌తో గోల్ ఇచ్చాడు. మాంచెస్టర్ సిటీలో నెలల తరబడి సరిగ్గా ఆడకుండా వచ్చినవాడు, కాళ్లలో మ్యాచ్ లయే లేదు. మీ కుర్రాడికి పది మ్యాచ్‌లు ఇవ్వండి, డిసెంబర్ 31న నిమిషాలు కూడండి. 600 లోపు వచ్చి, రీకాల్ షరతు ఉండి కూడా జనవరిలో క్లబ్ కదలకపోతే, అమ్మేస్తారన్న సగం మంది వైపు నేనూ ఉంటాను.