ముందు జ్వరమా, ముందు దద్దుర్లా?

పిల్లల ఆరోగ్యం: పాఠకుల ప్రశ్నలు, వైద్యుల సమాధానాలు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారాలు. మా బాబుకు 19 నెలలు. ఆదివారం రాత్రి ఉన్నట్టుండి ఒళ్లు కాలిపోయేంత జ్వరం వచ్చింది, థర్మామీటరులో 103 డిగ్రీలు చూపించింది. జలుబు, దగ్గు లేవు. పారాసిటమాల్ వేస్తే కాసేపు తగ్గి మళ్లీ వచ్చేది, తగ్గినంతసేపూ మామూలుగానే ఆడుకొనేవాడు. మంగళవారం మా వీధిలోని మందుల దుకాణంలో అడిగి అమాక్సిసిలిన్ సిరప్ మొదలుపెట్టాము. గురువారం తెల్లవారేసరికి జ్వరం పూర్తిగా విడిచింది. హమ్మయ్య అనుకొనేలోగా ఆ సాయంత్రమే పొట్ట మీద, వీపు మీద సన్నని ఎర్రటి మచ్చలు లేచి, శుక్రవారానికి మెడకు, ముఖానికి పాకాయి. గోక్కోవడం లేదు. ఇది తట్టేనని, అమ్మవారు పోసింది కనుక మందులన్నీ ఆపి పక్కలో వేపాకులు వేయాలని మా అత్తగారు అంటున్నారు. సిరప్ పడలేదని, ఇక ఎప్పటికీ ఆ మందు వాడకూడదని మా ఆడపడుచు అంటోంది. మూడు వారాల కిందట ఎం.ఆర్. (తట్టు, రుబెల్లా) టీకా రెండో డోసు వేయించాము. రెండు వారాల కిందట అందరం అరకు వెళ్లి వచ్చాము. ఇంతకీ ఇది ఏమై ఉంటుంది?
— ఒక తల్లి, మర్రిపాలెం, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ఏ రోజున ఏం జరిగిందో మీరు వరుసగా రాశారు కాబట్టి సగం పని తేలికైంది. పసిపిల్లల ఒంటి మీద లేచే ఎర్రటి మచ్చలు చూడటానికి చాలావరకు ఒకేలా ఉంటాయి. ఫొటో ఒక్కటే పంపి ఇదేమిటని అడిగితే అనుభవమున్న వైద్యులు కూడా నాలుగైదు పేర్లు చెప్పి ఊరుకోవలసి వస్తుంది. జ్వరం ముందు వచ్చిందా మచ్చలు ముందు వచ్చాయా, మచ్చలు లేచేనాటికి జ్వరం ఉందా పోయిందా, మొదట ఎక్కడ కనిపించాయి, అంతకుముందు రెండు మూడు వారాల్లో కొత్తగా ఏం జరిగింది అన్నవి తెలిస్తే, ఆ పేర్లలో కొన్ని వాటంతటవే పక్కకు తప్పుకొంటాయి.

మీరు చెప్పిన వరుస రోజియోలా అనే వైరస్ జ్వరానికి సరిగ్గా సరిపోతోంది. ఆరు నెలలు నిండినప్పటి నుంచి రెండేళ్ల లోపు పిల్లలలో ఇది చాలా మామూలు. మూడు నుంచి ఐదు రోజులు గట్టి జ్వరం కాస్తుంది, జ్వరం ఉన్నట్టుండి విడుస్తుంది, విడిచిన కొద్ది గంటలలోనో మరునాడో ఛాతీ, పొట్ట, వీపు మీద మచ్చలు మొదలై మెడకు, ముఖానికి పాకుతాయి, దురద ఉండదు, ఒకటి నుంచి మూడు రోజులలో మరకైనా మిగలకుండా పోతాయి. దీనికి కారణం హెచ్.హెచ్.వి.-6 అనే వైరస్ అని 1988లో జపాన్ పరిశోధకులు తేల్చారు. ఇది ఎక్కువగా ఇంట్లోని పెద్దల లాలాజలం ద్వారానే పిల్లలకు చేరుతుంది, పెద్దలలో దీని లక్షణాలేవీ పైకి కనిపించవు. కనుక ఎవరి నుంచి అంటిందో వెతికి ఎవరినీ తప్పుపట్టనక్కరలేదు. దీనికి ప్రత్యేకమైన మందు లేదు, అవసరమూ రాదు.

ఇక మీ అత్తగారి అనుమానం. ఆవిడ భయం నిరాధారమైనదేమీ కాదు, తట్టు ఇప్పటికీ మన మధ్య ఉన్న జబ్బే. అయితే తట్టులో వరుస వేరు. మొదటి రోజు నుంచే దగ్గు, ముక్కు కారడం, కళ్లు ఎర్రబడి నీరు కారడం ఉంటాయి; మూడో రోజుకో నాలుగో రోజుకో జ్వరం ఇంకా పైకి ఎగబాకుతున్నప్పుడే మచ్చలు లేస్తాయి; అవి చెవుల వెనుక, నుదుటి మీద జుట్టు అంచున మొదలై ముఖం నుంచి కిందికి దిగుతాయి. మచ్చలు రావడానికి ఒకటి రెండు రోజుల ముందు బుగ్గల లోపలి వైపు, దవడ పళ్ల ఎదురుగా, ఉప్పు రవ్వల్లాంటి తెల్లటి చుక్కలు కనిపించడం దీని గుర్తు. తట్టు వచ్చిన బిడ్డ ఆడుకోడు, వెలుతురు కూడా సహించలేక మూలుగుతూ పడుకొంటాడు. మీ బాబుకు జ్వరం పోయాక మచ్చలు వచ్చాయి, పొట్ట మీద మొదలయ్యాయి, తొమ్మిది నెలలప్పటి డోసుతో కలిపి ఎం.ఆర్. టీకా రెండు డోసులూ పడ్డాయి. ఈ మూడూ కలిసి తట్టును చాలా దూరం నెడుతున్నాయి. అయినా జ్వరంతో పాటు మచ్చలు కనిపించిన ప్రతి బిడ్డ సంగతీ మీ ప్రాంతపు ఆశా కార్యకర్తకో ఏ.ఎన్.ఎం.కో చెప్పడం మంచిది; అవసరమనుకొంటే వారు రక్త నమూనా పరీక్షకు పంపే ఏర్పాటు చేస్తారు.

వేపాకులు పక్కలో వేస్తే నష్టమేమీ లేదు, బిడ్డను నలుగురిలోకి తీసుకువెళ్లకుండా ఇంట్లో ఉంచడం మంచి అలవాటే. అమ్మవారి పేరుతో స్నానం, కమ్మని తిండి, వైద్యం మూడూ ఆపేయడమే నాకు అభ్యంతరం. ఒకవేళ అది నిజంగా తట్టే అయితే బిడ్డకు తిండి ఇంకా ఎక్కువ కావాలి. ఏడాది దాటిన పిల్లలకు రెండు లక్షల యూనిట్ల చొప్పున వరుసగా రెండు రోజులు విటమిన్-ఎ కూడా వేయించాలి. ఈ మాట మీరు చెప్పడం కన్నా మీ ఏ.ఎన్.ఎం. ఇంటికి వచ్చి చెబితే అత్తగారు తేలికగా వింటారని నా అనుభవం.

టీకాను కూడా మనం పక్కన పెట్టవచ్చు. తట్టు టీకా వల్ల కొందరు పిల్లలకు జ్వరం, పలుచని మచ్చలు వచ్చే మాట నిజమే కాని, అవి సాధారణంగా టీకా వేసిన ఐదో రోజు నుంచి పన్నెండో రోజు మధ్యలో వస్తాయి. మీ బాబుకు జ్వరం మొదలయ్యేనాటికే రెండు వారాలు దాటిపోయాయి.

అమాక్సిసిలిన్ పెన్సిలిన్ జాతి యాంటీబయాటిక్. ఆ సిరప్ విషయం దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే మచ్చలు రెండు రోజుల్లో పోయినా ఈ నింద బిడ్డను జీవితాంతం వెంటాడగలదు. ఈ జవాబు అచ్చయ్యేనాటికి మీ బాబు ఒళ్లు శుభ్రంగా ఉంటుంది, మీ ఇంట్లో మాత్రం ‘వాడికి పెన్సిలిన్ జాతి మందులు పడవు’ అన్న మాట స్థిరపడిపోయి ఉంటుంది. తరువాత వెళ్లిన ప్రతి ఆసుపత్రిలో మీరు అదే చెబుతారు, వారు చీటీ మీద ఎర్ర సిరాతో రాస్తారు, మామూలు చెవినొప్పికి కూడా ఇంకా బలమైన, ఇంకా ఖరీదైన మందు వాడవలసి వస్తుంది. పెన్సిలిన్ అలర్జీ ఉందని పేరుపడ్డవారిని సరిగా పరీక్షిస్తే పదిమందిలో తొమ్మిదిమందికి పైగా ఆ మందు నిక్షేపంగా పడుతుందని తేలుతుంది. చిన్నతనంలో వైరస్ జ్వరానికి అనవసరంగా యాంటీబయాటిక్ ఇవ్వడం, వైరస్ వల్ల వచ్చిన మచ్చలను మందు మీదికి నెట్టడం ఇందుకు ఒక పెద్ద కారణం.

నిజమైన, ప్రమాదకరమైన అలర్జీ వేరుగా ఉంటుంది. మందు వేసిన నిమిషాలలోనో గంట రెండు గంటలలోనో ఉబ్బెత్తుగా, విపరీతమైన దురదతో దద్దుర్లు లేస్తాయి, ఇక్కడ తగ్గి అక్కడ లేస్తాయి, పెదవులో కనురెప్పలో వాస్తాయి, వాంతులు, గురక, ఆయాసం ఉంటే ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి. ఆలస్యంగా వచ్చే రెండో రకం మందు దద్దుర్లు సాధారణంగా ఐదారు రోజులు మందు వాడాక కనిపిస్తాయి. మీ బాబు రెండు రోజులే వాడాడు, దురద లేదు, వాపు లేదు. కనుక సిరప్ మీద నాకు అనుమానం తక్కువ. ఆ మందు అవసరం మాత్రం మొదటి నుంచీ లేదు. మిగిలిన సీసాను దాచి మరో జ్వరానికి వాడకండి. ఏ తేదీన ఏ మందు మొదలుపెట్టారు, ఎన్నో రోజున మచ్చలు వచ్చాయి, దురద ఉందా లేదా అన్నది టీకాల కార్డు వెనుక రాసి, ‘అలర్జీ’ అన్న మాట మాత్రం రాయకుండా మీ పిల్లల వైద్యునికి చూపించండి. అలర్జీ అవునో కాదో ఆయన తేలుస్తారు.

అరకు ప్రయాణం ప్రస్తావించడం మంచిదైంది. పొదల్లో, గడ్డిలో ఉండే చిగర్ అనే నలుసంత పురుగు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్, సుమారు పది రోజుల తరువాత జ్వరంతో బయటపడుతుంది. వానకాలం, చలికాలం ఏజెన్సీ వైపు తిరిగి వచ్చిన బిడ్డకు జ్వరం వస్తే నేను బట్టలన్నీ విప్పించి చూస్తాను. చంకలు, గజ్జలు, చెవి వెనుక, డైపరు పట్టీ కింద, బొడ్డు చుట్టూ, సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు కట్టిన చిన్న పుండు ఉండవచ్చు. అది నొప్పి పెట్టదు, దురద పుట్టదు, అందుకే తల్లి కంట పడదు. స్క్రబ్ టైఫస్ జ్వరం తగిన మందు పడకుండా నాలుగో రోజున తనంతట తాను ఇలా విడవదు, అమాక్సిసిలిన్‌కు లొంగదు. మీరు ఒకసారి వెతికి చూసుకోండి, జ్వరం తిరగబెడితే మాత్రం అరకు మాట వైద్యునికి మొదటే చెప్పండి.

ఇప్పుడు ఏ దద్దురునైనా ఇంట్లో పరీక్షించవలసిన పద్ధతి ఒకటి చెబుతాను. పారదర్శకమైన గాజు గ్లాసు పక్క భాగాన్ని మచ్చ మీద ఆనించి గట్టిగా నొక్కి, గాజులోంచి చూడాలి. ఎరుపు పోయి చర్మం మామూలు రంగుకు వస్తే ఆ మచ్చ రక్తనాళాలు వెడల్పయినందువల్ల వచ్చినది, నెమ్మదిగా ఆలోచించడానికి సమయముంది. నొక్కినా ఎర్రగానో ఊదాగానో అలాగే నిలిచి ఉంటే రక్తం చర్మంలోకి చిమ్మిందని అర్థం. మెదడు పొరలకు సోకే మెనింజోకాకస్, డెంగీ, ప్లేట్‌లెట్లు పడిపోవడం, ఇవన్నీ అలా కనిపించగలవు. జ్వరంతో పాటు అలాంటి చుక్కలు ఒకటి రెండు ఉన్నా, అర్ధరాత్రి అయినా, కె.జి.హెచ్. (కింగ్ జార్జ్ ఆసుపత్రి) పిల్లల విభాగానికో దగ్గరలోని పెద్ద ఆసుపత్రికో వెళ్లాలి. మన పిల్లల చామనఛాయ ఒంటి మీద ఎరుపు పుస్తకాలలో బొమ్మల్లా కనిపించదు. ట్యూబులైటు కింద కాక కిటికీ వెలుగులో, అరచేతులు, అరికాళ్లు, కనురెప్పల లోపలి భాగం చూడాలి.

మరొక్కటి. జ్వరం ఐదు రోజులు దాటినా విడవకుండా, పుసి లేకుండా కళ్లు ఎర్రబడి, పెదవులు పగిలి, నాలుక గరుకుగా ఎర్రగా మారి, చేతులు కాళ్లు ఉబ్బితే, అది గుండె రక్తనాళాలను దెబ్బతీసే కవాసాకి వ్యాధి కావచ్చు. జపాన్ వైద్యుడు తోమిసాకు కవాసాకి 1967లో దీనిని వర్ణించారు. మన పిల్లలలో దీనికి ఒక విచిత్రమైన ఆనవాలు ఉంది: పుట్టగానే ఎడమ భుజం మీద వేసిన బి.సి.జి. టీకా మచ్చ మళ్లీ ఎర్రబడి ఉబ్బుతుంది. జ్వరం మొదలైన పది రోజుల లోపల ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు ఎక్కిస్తే గుండెకు ముప్పు బాగా తగ్గుతుంది, కనుక అలాంటి బిడ్డను ‘ఇంకో రెండు రోజులు చూద్దాం’ అని ఉంచకూడదు.

మీ బాబుకు ప్రస్తుతం గోరువెచ్చని నీటితో స్నానం, పలుచని నూలు బట్టలు, రోజూ తినే తిండి చాలు. ఒంటికి ఏ పూతా వద్దు. మళ్లీ జ్వరం వచ్చినా, మచ్చలు మూడు రోజులు దాటి నిలిచినా, నీరసంగా పడుకొని పాలు తాగకపోయినా వైద్యునికి స్వయంగా చూపించండి. ఉత్తరం చదివి చెప్పిన పేరు బిడ్డను చూసి చెప్పిన పేరుకు సాటి రాదు.

ప్రశ్న: మా పాపకు రెండున్నరేళ్లు. రెండు నెలలుగా కాళ్ల మీద, చేతుల మీద గుంపులు గుంపులుగా గట్టి పొక్కులు లేస్తున్నాయి. రాత్రిళ్లు గోకి రక్తం కారుస్తోంది. జ్వరం లేదు. రక్తం చెడిందని ఒకరు, చేపలు మానిపించమని ఒకరు అంటున్నారు. దుకాణంలో ఇచ్చిన ట్యూబు రాస్తే తగ్గి మళ్లీ వస్తోంది.
— గాజువాక నుంచి ఒక తండ్రి

జవాబు: జ్వరం లేకుండా వారాల తరబడి వచ్చి పోయే దురద పొక్కులకు రెండే కారణాలు ఎక్కువ. బట్ట కప్పని చోట్ల, వరుసగానో గుంపుగానో ఉండి, ఇంట్లో మరెవ్వరికీ లేకపోతే దోమలు, నల్లుల వంటి పురుగుల కాటుకు ఆ వయసు పిల్లల ఒళ్లు అతిగా స్పందించడం వల్ల వచ్చినవి. ఒక కొత్త కాటు పడితే పాత కాట్లన్నీ మళ్లీ లేస్తాయి, కాబట్టి రోజూ కొత్తవి కుట్టినట్టే అనిపిస్తుంది. దోమతెర, నిండు చేతుల బట్టలు, గోళ్లు కత్తిరించడం దీనికి సగం వైద్యం. వేళ్ల సందులు, మణికట్టు, చంకలు, అరికాళ్లలో కూడా పొక్కులు ఉండి, ఇంట్లో ఇంకొకరు కూడా రాత్రిళ్లు గోక్కొంటూ ఉంటే అది గజ్జి. అప్పుడు వైద్యుడు రాసే పర్మెత్రిన్ మందును దురద ఉన్నా లేకున్నా ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి రాసుకొని, వారం తరువాత మళ్లీ రాసుకోవాలి; పాపకు ఒక్కదానికే రాస్తే పది రోజులలో మొదటికి వస్తుంది. చేపలు మానిపించకండి. ఆ ట్యూబు మాత్రం వెంటనే ఆపి, ఖాళీదైనా సరే వైద్యుని దగ్గరకు పట్టుకెళ్లండి. స్టెరాయిడ్‌తో పాటు రెండు మూడు మందులు కలిపిన అలాంటి ట్యూబులు దురదను అణిచి అసలు జబ్బు ఆకారాన్ని చెరిపేస్తాయి, పసి చర్మాన్ని పలచబరుస్తాయి.

ప్రశ్న: ప్లేస్కూలు నుంచి వచ్చిన మా బాబుకు నెల కిందట నోట్లో, అరచేతుల్లో, అరికాళ్లలో నీటి పొక్కులు వచ్చి తగ్గాయి. ఇప్పుడు నాలుగు గోళ్లు మొదట్లో ఊడి వస్తున్నాయి. కాల్షియం తక్కువైందా?
— ఒక తల్లి, మధురవాడ

జవాబు: కాదు. ఆ పొక్కులు హ్యాండ్ ఫుట్ మౌత్ అనే వైరస్ జబ్బువి. అది తగ్గిన కొన్ని వారాలకు కొందరు పిల్లలలో గోళ్లు ఇలా ఊడి, కింద నుంచి కొత్త గోరు వస్తుంది. లాగకుండా, బట్టలకు తగులుకొనే అంచును మాత్రం కత్తిరించండి. కాల్షియం సిరప్ అవసరం లేదు.