‘గంగ మీద భోజనం’ రాసిన అమ్మాయికి

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. మొదటిసారి చదివినప్పుడు రెండో పేజీ దాటలేకపోయాను. “అవతలి ఒడ్డున సూర్యుడు ఎర్రగా కుంగిపోతుంటే, మా పడవ అస్సీ ఘాట్ నుంచి ప్రవాహానికి ఎదురు సాగుతూ దశాశ్వమేధం వైపు కదిలింది” అని రాశావు. వినసొంపుగా ఉంది. కానీ కాశీలో అలా జరగదు.

కాశీ దగ్గర గంగ ఉత్తరంగా పారుతుంది. ఉత్తరవాహిని అని మన పెద్దవాళ్ళు ప్రత్యేకంగా చెప్పుకునేది అందుకే. ఊరంతా పడమటి ఒడ్డున ఉంది, ఘాట్లన్నీ తూర్పు ముఖంగా ఉన్నాయి. అవతలి ఒడ్డున సూర్యుడు పొడుస్తాడు, అటువైపు కుంగడం ఎవరూ చూడలేదు. సాయంత్రం పొద్దు ఊరి వెనక వాలుతుంది. మేడల నీడ మెట్లు దిగి నీళ్ళమీదికి వస్తుంది, పడవలను కప్పుతుంది, చివరికి అవతలి ఇసుక మీద మాత్రమే కాస్త ఎండ మిగులుతుంది. పడవలో కూర్చుని నువ్వు చూసింది ఇదే. రాసేటప్పుడు మాత్రం సాయంత్రం అనగానే అలవాటుగా వచ్చే వాక్యం వచ్చేసింది. ఇక అస్సీ ఊరికి దక్షిణపు కొసన ఉంది. అక్కడినుంచి దశాశ్వమేధానికి పోవడం ఏటివాలు ప్రయాణం. ఎదురు లాగాల్సింది తిరిగొచ్చేటప్పుడు.

వాలో ఎదురో తెలిస్తేనే మిగతావన్నీ కుదురుతాయమ్మా. వాలులో పడవవాడు నడి ఏటిలోకి పోనిస్తాడు, తెడ్డు దారి తప్పకుండా ఉండడానికే వేస్తాడు. ఎదురు వచ్చేటప్పుడు ఒడ్డు వారగా తెస్తాడు, అక్కడ వడి తక్కువ కాబట్టి. అందుకే వెళ్ళేటప్పుడు ఊరు మొత్తంగా, దూరంగా కనిపిస్తుంది. వచ్చేటప్పుడు మెట్లమీద కూర్చున్నవాళ్ళ మాటలు కూడా వినిపిస్తాయి. తెడ్ల పడవలో పోవడానికి ముప్పావు గంట పడితే, రావడానికి గంట దాటొచ్చు. భోజనం ఎప్పుడు విప్పాలన్నది ఈ లెక్కనిబట్టే తేలుతుంది. నీ వ్యాసం పేరే ‘గంగ మీద భోజనం’ కదా.

నాకు అసలు కోపం వచ్చింది కూడా ఆ భోజనం దగ్గరే. “వేడివేడి భోజనం వడ్డించారు” అన్న మూడు మాటలతో దాటేశావు. ఎవరు వడ్డించారు? ఎక్కడ వండారు? మెట్లు దింపి పడవలోకి ఎవరు మోశారు? కొత్తగా రాసేవాళ్ళందరికీ నేను చెప్పే మాట ఇదొక్కటే: భోజనం గురించి రాసేవాళ్ళు పొయ్యి దగ్గర మొదలుపెట్టి విస్తరి దాకా దాని వెంట నడవాలి. ‘వడ్డించారు’ అనే క్రియ వెనక కనీసం ముగ్గురు మనుషులు ఉంటారు. వాళ్ళను దాచేస్తే నది ఒట్టి తెరగా మిగులుతుంది.

నీకు తెలిసే ఉండాలి, నువ్వే చూశావు కాబట్టి. ఆరుగురు ఎక్కే తెడ్ల పడవలో పొయ్యి వెలిగించరు. అది చెక్క పడవ, పలకల సందుల్లో తారు పట్టించి ఉంటుంది, పైన గాలి. వంట ఒడ్డున అవుతుంది, క్యారియర్లలో దిగుతుంది. బజ్రా అయితే వేరు. అది రెండంతస్తుల పెద్ద పడవ, పైన చదునైన డెక్కు, కింద నీడ, తెచ్చిన వంటను అక్కడ సర్దుకుని వడ్డించే వీలుంటుంది. నువ్వు ఒకచోట ‘నావ’ అన్నావు, ఇంకోచోట ‘బజ్రా’ అన్నావు, మూడోచోట ‘క్రూయిజ్’ అన్నావు. మూడింటిలో ఏదెక్కారో ఒక్కసారి తేల్చి, చివరిదాకా అదే పేరుతో పిలువు.

ఒడ్డున వండినది పడవలోకి వచ్చేసరికి ఏమవుతుందో ఆలోచించు. పూరీల మీద మూత పెడితే ఆవిరికి మెత్తబడి తోలులా సాగుతాయి, మూత తీస్తే చల్లారతాయి. కచోడీకీ ఇదే కష్టం. బాటీకి ఈ కష్టం లేదు. గోధుమపిండి ముద్దను పిడకల నిప్పుమీద కాల్చి నేతిలో ముంచుతారు, మందంగా ఉంటుంది కాబట్టి లోపలి వేడి చాలాసేపు నిలుస్తుంది. దాంతో తినే చోఖా, కాల్చిన వంకాయా ఉడికించిన బంగాళాదుంపా టమాటా మెదిపి ఆవనూనె వేసేది, చల్లారినా రుచి పోదు. గంగ మీద రాత్రి తిండికి బాటీ చోఖా చెప్పుకోవడంలో ఉన్న తెలివి ఇది. పప్పు గట్టిగా ఉండాలి, గిన్నె ముప్పావు వంతుకు మించి నింపకూడదు. పక్కనుంచి మోటారు పడవ పోతే లేచే అల నిండు గిన్నెను ఊరుకోనివ్వదు. క్యారియర్‌ను బల్లమీద పెట్టరు, పడవ అడుగున రెండు పలకల మధ్య ఇరికించి తువ్వాలుతో బిగిస్తారు. విస్తరి తేలిక, గాలికి లేస్తుంది. అందుకని ముందు బాటీలు పెట్టి ఆ బరువుతో దాన్ని ఆపి, తర్వాత మిగతావి వడ్డించాలి. తాగే నీళ్ళు ఒడ్డునుంచే తెచ్చుకోవాలి. ఎంగిలి విస్తళ్ళకు ఒక సంచీ విడిగా పెట్టుకోవాలి, లేకపోతే అవి ఎక్కడికి పోతాయో నీకు తెలుసు. చిన్న పడవల్లో మరుగుదొడ్డి ఉండదు. మూడు గంటల ప్రయాణంలో పెద్దవాళ్ళకు ఇది అన్నిటికంటే పెద్ద విషయం, ఏ యాత్రా వ్యాసంలోనూ కనబడదు.

చివర్లో ‘కుల్హడ్‌లో మలయ్యో తిన్నాం’ అని రాశావు, కుల్హడ్ అంటే మట్టి పిడత. మీరు వెళ్ళింది వైశాఖంలో, అదీ రాత్రి. మలయ్యో చలికాలపు తిండి, పొద్దున్న దొరికేది. కాచిన పాలను రాత్రంతా ఆరుబయట మంచులో ఉంచి, తెల్లవారుజామున చిలికి, పైకి లేచిన నురగను కుంకుమపువ్వు వేసి అమ్ముతారు. ఎండ ఎక్కితే ఆ నురగ కూలిపోతుంది. వేసవి రాత్రి నువ్వు తిన్నది రబ్డీ అయ్యుంటుంది, లేదా మీగడ వేసిన లస్సీ. ఏది తిన్నావో అదే రాయి. రబ్డీ తక్కువది కాదు. కాశీ గురించి రాస్తే మలయ్యో ఉండాలన్న ఈ ఆచారం ఇటీవల వచ్చింది, రీల్స్ చూసి రాయడంవల్ల వచ్చింది. ఊరు పేరు తీసి చూస్తే అందరి వ్యాసాలూ ఒకే వ్యాసంలా ఉంటున్నాయి.

వివరం రాయనివ్వని తప్పు రాసేవాళ్ళది మాత్రమే కాదు, ఒప్పుకుంటాను. పడవ కిరాయి, బయలుదేరిన వేళ, వంటమనిషి ఊరు ఇలాంటివన్నీ ‘పాఠకుడికెందుకండీ’ అంటూ ఎర్ర సిరాతో కొట్టేసి, మిగిలిన రెండు పేజీల పులకింతను అచ్చేసిన సంపాదకులు ఉన్నారు. ఆ కోతల బాధ నాకింకా తగ్గలేదు. 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామి దారిలో ఏ మజిలీలో ఏ సరుకు దొరుకుతుందో, ఎక్కడ బస కుదురుతుందో రాసుకుంటూ పోయారు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ దారి మన కళ్ళకు కడుతోందంటే ఆ వివరాలవల్లే.

ఇప్పుడు నువ్వు వదిలేసినవి. పడవ మాట్లాడుకోవడం దగ్గర మొదలుపెట్టు. కేదార్ ఘాట్, మానసరోవర్ ఘాట్ చుట్టుపక్కల మన సత్రాలూ ఆంధ్రాశ్రమమూ ఉన్నాయి కాబట్టి అక్కడి మల్లాల్లో, అంటే పడవవాళ్ళలో, బేరానికి సరిపడా తెలుగు వచ్చినవాళ్ళు దొరుకుతారు. ఆ సంభాషణ రాయి. బేరంలో తేలాల్సినవి నాలుగు: మనిషికా పడవ మొత్తానికా; గంటల లెక్కా ఫలానా ఘాట్ దాకా అనా; గంగా హారతి దగ్గర ఆగిన సేపు కూడా లెక్కలోకి వస్తుందా; తిరిగి ఎక్కిన చోటే దించుతాడా. గొడవలన్నీ మూడోదాని దగ్గర వస్తాయి. కార్తీక పౌర్ణమి దేవదీపావళికి ఈ మాటలేవీ చెల్లవు, ఆ రాత్రి కిరాయి వేరే లోకం. 2023 ఏప్రిల్ 22 నుంచి మే 3 దాకా గంగా పుష్కరాలకు మనవాళ్ళు వేలకు వేలు దిగినప్పుడూ మామూలు రోజుల లెక్కలు పనిచెయ్యలేదు. వానాకాలంలో గంగ మెట్లెక్కితే పడవలు ఆపేస్తారు, హారతి కూడా మెట్లమీదినుంచి పైకి మారుతుంది.

హారతి వేసవిలో ఏడింటికి అటూ ఇటూ, చలికాలంలో ఇంకాస్త ముందు మొదలై, ముప్పావు గంట సాగుతుంది. “హారతి చూస్తూ భోంచేశాం” అన్నావు. నమ్మలేకపోతున్నాను. దశాశ్వమేధం ముందు పడవలు ఒకదానికొకటి ఆనుకుని నిలుస్తాయి, మధ్యలో నీళ్ళే కనబడవు. టీ అమ్మేవాళ్ళు, దీపాల దొన్నెలు అమ్మేవాళ్ళు మన పడవమీదుగానే అడుగులేసి పక్క పడవలోకి పోతారు. ముందు వరసలో ఇరుక్కుంటే హారతి అయ్యాక కూడా వెనకవాళ్ళు కదిలేదాకా కదలలేం. అక్కడ విస్తరి పరిచే చోటుండదు, పరిస్తే సాంబ్రాణి పొగలో తినాలి. భోజనం పెట్టుకున్నవాళ్ళు చివరి వరసలో నిలవాలి, హారతి ముగిసే ముందే జారుకోవాలి, నీళ్ళు తగ్గిన నెలల్లో అవతలి ఇసుక తిన్నె దగ్గరికి పోయి గడ దించి పడవ కట్టుకోవాలి. అక్కడ అల ఉండదు, మోటారు హోరు ఉండదు, ఊరు మొత్తం దీపాలతో ఎదురుగా ఉంటుంది. మీరు తిన్నది అక్కడేనేమో. అయితే అది నీ వ్యాసంలో అన్నిటికంటే మంచి చోటు, దాన్ని హారతి గుంపులో కలిపేశావు.

మేలో ఇంకో సంగతి ఉంది. సాయంత్రాలు ఉన్నట్టుండి దుమ్ముగాలి లేస్తుంది. మల్లాలు దాన్ని ఆకాశం రంగులో ముందే చూసి ఒడ్డుకు లాగేస్తారు. అలాంటప్పుడు ‘ఇంకో పది నిమిషాలు’ అనకూడదు.

లైఫ్ జాకెట్ల మాట నీ వ్యాసంలో లేదు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగాక, తెలుగు పాఠకుడు పడవ అన్న మాట చదవగానే దాన్నే వెతుకుతాడు. వేసుకున్నారా, బల్లకింద కుక్కి ఉన్నాయా, మీ అత్తయ్యకు పట్టేవి ఉన్నాయా? ఫొటోకోసం అందరూ ఒక పక్కకు జరిగారని నువ్వే రాశావు. పడవ ఒరిగి ఉండాలి, పడవవాడు కేకేసి ఉండాలి. ఆ కేక ఏమైంది?

ఇంత చెప్పాక, నీ వ్యాసాన్ని రెండోసారి ఎందుకు చదివానో చెప్పాలి. ఆరో పేజీలో అర వాక్యం ఉంది: “మణికర్ణిక కనబడగానే అమ్మ విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టింది, పడవాయన ఏమీ అడగకుండా పడవ తిప్పేశాడు.” ఆ పొద్దున్నే మీ నాన్నగారి అస్థికలు కలిపారని అంతకుముందెప్పుడో రెండో పేజీలో చెప్పి వదిలేశావు. ఆ అర వాక్యంలో నువ్వు రచయితవి. మిగతా తొమ్మిది పేజీల్లో కాదు.

ఇక్కడ కూడా దిక్కులు చూడు. మణికర్ణిక, ఆ చితులు కాలే ఘాట్, దశాశ్వమేధానికి దిగువన ఉంది. అంటే భోజనం విప్పాక కూడా పడవ వాలులో ఇంకా కిందికి పోయింది. ఎవరు పొమ్మన్నారు? నువ్వేనా, సింధియా ఘాట్ పక్కన ఒరిగిన గుడి చూడాలని? పడవ తిప్పడమంటే ఏటికి ఎదురు తిరగడం. నిండు పడవను ఒక్క తెడ్డు నిలిపి, రెండోది లాగి తిప్పాలి, చేతులమీద ఎంత బరువు పడుతుందో ఆయన భుజాలు చూస్తే తెలిసేది. మీ అమ్మకోసం ఆయన ఆ పని చేశాడు, మాట్లాడకుండా. ఆ దారిలో రోజూ మనుషులను తిప్పేవాడికి ఆ చెయ్యి అర్థమైంది. చితుల వెలుగు మీ అమ్మ ముఖంమీద ఏ పక్కనుంచి పడింది? తిప్పాక ఏ పక్కకు మారింది? ఇవి రాస్తే ఆవిడ దుఃఖం గురించి నువ్వు ఒక్క మాట కూడా అననక్కర్లేదు. నువ్వు వాడిన ‘అలౌకికం’, ‘అనిర్వచనీయం’ రెండూ కొట్టేశాను, చూసే ఉంటావు.

చితులను ఫొటో తీయలేదని రాశావు. సంతోషం.

నువ్వడిగిన మిగతావాటికి తీరిగ్గా రాస్తాను, ముందు ఇది తిరగరాసి పంపు. కేదార్ ఘాట్ ఎరుపూ తెలుపూ చారల మెట్ల దగ్గర దిగేటప్పుడు మీ అమ్మను చెయ్యి పట్టుకుని ఎవరు దించారో నీ వ్యాసంలో లేదు. తినకుండా మిగిలిన ఆ విస్తరిలో బాటీలు ఏమయ్యాయో లేదు. ఆ రాత్రి సత్రానికి వచ్చాక ఆవిడ ఏమైనా తిన్నారా?

ఆశీస్సులతో.