ఎబెరాన్ కోసం ముందు ఏ పుస్తకం కొనాలి?

తమ్ముడూ, కడపలో స్నేహితులతో ఎబెరాన్ (డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే కథలల్లే ఆటలోని ఒక కల్పిత ప్రపంచం) ఆడించాలని ఉంది, ఏ పుస్తకం ముందు కొనాలో తెలియక టెన్షన్‌గా ఉందన్నావు కదా. 2019లో వచ్చిన ‘రైజింగ్ ఫ్రమ్ ద లాస్ట్ వార్’ ఒక్కటి చాలు. దాన్ని కూడా మొదటి పేజీ నుంచి చదవొద్దు, షార్న్ నగరం అధ్యాయంతో మొదలుపెట్టు. నది పైన కొండ అంచుల మీద లేచిన ఎత్తైన టవర్ల ఊరది. గండికోట అంచున నిలబడి కింద పెన్నాను చూసినవాళ్లకు ఆ లోతు చెప్పగానే తెలుస్తుంది.

ఆ ప్రపంచంలోని దేశాల గురించి ఇంకా కావాలనిపిస్తే 2004 నాటి ‘ఎబెరాన్ క్యాంపెయిన్ సెట్టింగ్’ తీసుకో. అందులోని రూల్స్ ఆటకు పాతదైన 3.5 ఎడిషన్‌వి, వాటిని వదిలెయ్. కథాకాలం మాత్రం రెండింటిలోనూ ఆ ప్రపంచపు లెక్కలో 998వ సంవత్సరమే, అంటే అక్కడి ‘లాస్ట్ వార్’ అనే పెద్ద యుద్ధం ముగిసిన రెండేళ్లకు. అందుకే పాత సమాచారం ఇప్పటికీ పనికొస్తుంది. మిగతావి ఆట రెండు మూడు వారాలు నడిచాక, మీవాళ్లు ఎటు వెళ్తున్నారో చూసి కొను.