మూడో సిలిండర్ కాయిలే ఎందుకు పోతోంది?

ప్రశ్న: కడియం నర్సరీల నుంచి మొక్కలు తోలడం మా పని. నిరుడు సెకండ్ హ్యాండ్‌లో ఒక చిన్న పికప్ కొన్నాను. నాలుగు సిలిండర్లు, పెట్రోలు, సీఎన్‌జీ రెండూ ఉన్నాయి. 92 వేల కిలోమీటర్లు తిరిగింది. లోడుతో జొన్నాడ వంతెన ఎక్కేసరికి మిస్సింగ్ మొదలవుతుంది. పెట్రోలుకి మారిస్తే చాలావరకు సర్దుకుంటుంది. స్కానర్ పెడితే ఎప్పుడూ పీ0303. ఆర్నెల్లలో మూడు కాయిళ్లు (స్పార్క్ ప్లగ్గుకి హై వోల్టేజి పంపేవి) మార్చాను, మూడూ మూడో సిలిండర్‌వే. మార్చాక రెండు మూడు వారాలు బాగుంటుంది, మళ్లీ మామూలే. లోకల్ కాయిల్ వేశావని ఒకరు, ఈసీఎం (ఇంజిను కంప్యూటర్) పోయిందని ఒకరు అంటున్నారు.
– ఒక పాఠకుడు, కడియం

జవాబు: ఈసీఎం జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఆ మాట అన్నవాళ్లకి బేరం తప్ప రోగం తెలియదు.

పీ0303 అంటే మూడో సిలిండర్ సరిగా మండడం లేదు, అంతే. కాయిల్ పోయిందని ఆ కోడ్ చెప్పదు. కాయిల్ సర్క్యూట్‌లో తేడా పట్టుకుంటే మామూలుగా పీ0353 పడుతుంది. మీ మెకానిక్ కోడ్ చూసి కాయిల్ మార్చాడు. మరి ప్లగ్గు? మీ ఉత్తరమంతా రెండుసార్లు చదివాను, ప్లగ్గు ఊసే లేదు.

సీఎన్‌జీలో స్పార్క్ రావడానికి పెట్రోలు కంటే ఎక్కువ వోల్టేజి కావాలి. లోడు పడితే ఇంకా ఎక్కువ. ప్లగ్గు అరిగి, స్పార్క్ దూకే కొనల మధ్య గ్యాప్ పెరిగిందంటే కాయిల్ మీద భారమంతా పడుతుంది. వంతెన మీద మిస్సింగ్, పెట్రోలుకి మారిస్తే నయం అన్నారే, నాకు అనుమానం అక్కడే వచ్చింది.

ఇంజిను చల్లారాక మూడో ప్లగ్గు విప్పి తెల్ల పింగాణీని ఎండలో తిప్పి చూడండి. పెన్సిలుతో గీసినట్టు నిలువుగా సన్నటి నల్లగీత కనిపిస్తుందేమో. కాయిల్ కింది రబ్బరు గొట్టం లోపల కూడా ఆ గీతకి ఎదురుగా బూడిదరంగు చార ఉంటుంది. గ్యాప్ దాటలేని కరెంటు ఆ దారిన పక్కకి దూకి ఎర్త్ అయిపోతోందన్నమాట. కొత్త కాయిల్‌తో కొత్త రబ్బరు వస్తుంది కాబట్టి కొన్నాళ్లు ఆగుతుంది. పాత ప్లగ్గు మీద గీత అలాగే ఉంటుంది, కొత్త రబ్బరునీ కాల్చేస్తుంది. మీ రెండు మూడు వారాల లెక్క దీనికి సరిపోతోంది. నేనూ ఒకప్పుడు ఒక కిరాయి బండికి ఇలాగే రెండు కాయిళ్లు అంటగట్టాను. మూడోసారి ఓనరే ప్లగ్గు చేతిలో పెట్టి "ఈ గీతేంటండీ?" అన్నాడు. తల ఎత్తలేకపోయాను.

ప్లగ్గు గుంటలో ఆయిల్ ఉంటే ట్యాపెట్ కవర్ ప్యాకింగ్, సీళ్లు మార్చాల్సిందే. ఆయిల్‌లో నానితే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. తుప్పు, తడి కనిపిస్తే మొక్కల మట్టి కడగడానికి ఇంజిను మీదకి ప్రెషర్ పంపు కొడుతున్నారేమో చూసుకోండి.

నాలుగు ప్లగ్గులూ ఒకేసారి మార్చండి. గ్యాప్ మీ బండి మాన్యువల్‌లో ఉన్నదే. అప్పుడు మూడో కాయిల్‌ని రబ్బరుతో సహా ఒకటో దాంట్లో, ఒకటోదాన్ని మూడో దాంట్లో పెట్టి అదే వంతెన మీద లోడుతో నడపండి. పీ0301 వస్తే తప్పు కాయిల్‌దే. మళ్లీ పీ0303 వస్తే వైరింగ్ చూడాలి. మూడో సిలిండర్ దగ్గర కాయిల్‌కి వైరు తగిలించే కప్లర్ లాక్ విరిగి వదులైందా, పిన్ను పచ్చబడిందా? మల్టీమీటర్ 12 వోల్టులు చూపించిందని నమ్మకండి, ఒక్క పోగు మిగిలినా చూపిస్తుంది. ఇండికేటర్ బల్బు 21 వాట్లది తీసుకుని కప్లర్ సప్లై పిన్నుకి, బాడీ ఎర్త్‌కి మధ్య పెట్టండి. అది మసగ్గా వెలిగితే వైరులోనే లోపం. వైరూ బాగుంటే ట్యాపెట్ క్లియరెన్స్, కంప్రెషన్ చూపించండి. గ్యాసు బండ్లలో వాల్వ్ సీట్లు అరుగుతాయి.

ఈలోగా చెక్ లైటు మిణుకుమిణుకుమంటుంటే లోడు ఎత్తకండి. మండని ఇంధనం సైలెన్సర్ దారిలో ఉన్న కెటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది, దాని ఖర్చు ముందు కాయిల్ ఖర్చు ఏపాటిది.

తీసేసిన మూడు కాయిళ్లూ పారేయలేదు కదా? ఒక్కోదానికి కొత్త రబ్బరు వేసి ఒకటో సిలిండర్‌లో పెట్టి చూడండి. కనీసం రెండు బాగానే ఉంటాయని నా అంచనా.