మాటిచ్చింది నాలుగేళ్లకు, డబ్బు చూసుకుంది ఒక్క పంటకు

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. చెరువు లీజుకు తీసుకుని రొయ్యలు వేస్తున్నాను. మా చెరువు కాపలాదారు చనిపోయాక, అతని పిల్లలిద్దరినీ చదివిస్తానని వాళ్లమ్మకు మాటిచ్చాను. పాప బీఎస్సీ నర్సింగ్ రెండో ఏడు, బాబు ఇంటర్ మొదటి ఏడు. ఇద్దరికీ కలిపి ఏడాదికి రూ.1.40 లక్షలు. నిరుడు పంట డబ్బుతో కట్టేశాను. ఈసారి రొయ్యలకు వైట్ స్పాట్ తెగులు వచ్చి చెరువు ముందే పట్టేశాం, మేత డీలరు బాకీ అలాగే ఉంది. మా ఆవిడ నగలు బ్యాంకులో పెట్టి ఫీజు కట్టేయనా?

జవాబు: వద్దండీ. నగలు బీరువాలోనే ఉండనివ్వండి.

పిల్లల్ని చదివించాలనుకునే మంచివాళ్లు చాలామంది చేసే పొరపాటే ఇది. మొదటి ఏడాది ఫీజు ఎంతో కనుక్కుంటారు, చివరి ఏడాది ఫీజు ఎక్కడి నుంచి వస్తుందో చూసుకోరు. మీ వైపు పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టి అమ్మడం) అయ్యాక డబ్బు ఒక్కసారే చేతికొస్తుంది, ఆ సంతోషంలో మాట ఇచ్చేస్తారు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరాక రొయ్య రైతు ఎంత టెన్షన్ పడ్డాడో మీకు నేను చెప్పక్కర్లేదు. గోల్డ్ లోనుకు సాధారణంగా ఏడాదే గడువు. వచ్చే పంటా పోతే దాన్ని తిరగరాస్తారు, వడ్డీ పెరుగుతుంది, అప్పటికి రెండో ఫీజు తలుపు తడుతుంది. డీలరు బాకీ ఉండగా ఇంకో అప్పా? ఆలోచించడానికి కూడా ఒప్పుకోను.

మీకు లేనిది అత్యవసర నిధి. నెల జీతగాడికి ఆరు నెలల ఖర్చు చాలంటాను, ఆక్వా రైతుకు పన్నెండు నెలలది కావాలి. ఇంటికి నెలకు రూ.35 వేలు అవుతుందనుకుంటే రూ.4.20 లక్షలు. దాని పక్కన పిల్లల ఒక ఏడాది ఫీజు రూ.1.40 లక్షలు వేరే ఎఫ్‌డీగా ఉండాలి. ఆ ఎఫ్‌డీని మేతకీ, సీడుకీ (రొయ్య పిల్లలకీ), డీజిల్‌కీ ముట్టుకోకూడదు. సాయం ఆగితే మీకు బాధే, కానీ మూడో ఏట నర్సింగ్ మానేసిన అమ్మాయికి జీవితమే పోతుంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఈ ఏడాది సంగతి: కాలేజీకి వెళ్లి ఫీజు విడతలుగా కడతామని అడగండి. పాపకు ఫీజు రీయింబర్స్‌మెంటు వర్తిస్తుందేమో అక్కడే కనుక్కోండి. వర్తించకపోతే పాప పేరున విద్యారుణం, రూ.4 లక్షల దాకా బ్యాంకు తాకట్టు అడగకూడదు. తల్లి సహ రుణగ్రహీతగా ఉంటుంది, మీరు సంతకం పెట్టకండి. చదువు అయ్యాక ఉద్యోగం వచ్చినప్పుడు కిస్తీల్లో మీరు సాయం చేయొచ్చు. బాబుకు వచ్చే ఏడు ప్రభుత్వ జూనియర్ కాలేజీలో వీలవుతుందేమో చూడండి. మీరు నేరుగా కట్టే ఫీజుకు పన్ను మినహాయింపు రాదు, ఆ లెక్క వేసుకోకండి.

మీకు టర్మ్ పాలసీ, అంటే జీవిత బీమా, ఉందో లేదో రాయలేదు. లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి, మీమీద ఇప్పుడు రెండు ఇళ్లు ఆధారపడి ఉన్నాయి. వచ్చే పట్టుబడి డబ్బులో మొదట డీలరు బాకీ, తర్వాత ఫీజు ఎఫ్‌డీ, ఆ తర్వాతే కొత్త సీడు.