కవరు వెనక్కి పంపితే గడువు ఆగదు

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. 2012లో అప్పు తెచ్చి మూడు షెడ్లు వేసినం. కంపెనీ కోడిపిల్లలిస్తే పెంచుతం, మొత్తం 18,000 బ్రాయిలర్లు. తర్వాత పక్కన ప్లాట్లు కొని ఇండ్లు కట్టుకున్నోళ్లు ఈగలు, వాసన అని ఫిర్యాదు పెట్టిండ్రు. 40 రోజుల కింద కాలుష్య మండలి నుంచి రిజిస్టర్ పోస్టు వస్తే భయపడి తీసుకోలేదు. ఫారం మూసేయాలని ఆర్డరైందట, కరెంటు కట్ చేస్తమని లైన్‌మన్ వచ్చిండు. ముందొచ్చింది మేమే కదా సార్? రెండు షెడ్లు నా భార్య, బామ్మర్ది పేర రాస్తే బయటపడతమా?

జవాబు: ఎవరు ముందొచ్చారన్నది మీ కేసును తేల్చదు. ఎన్నేళ్లు నడిచినా ఊరికి ఇబ్బంది కలిగించే హక్కు పుట్టదు. తేల్చేది ఆ 40 రోజులే.

రిజిస్టర్ పోస్టు వద్దంటే చట్టం లెక్కలో అందినట్టే. కవరు మీద ‘రెఫ్యూజ్డ్’ అని రాసిన రోజు నుంచే 30 రోజుల అప్పీలు గడువు నడుస్తోంది. కవరు విప్పి చదివి ఉంటే ఈ ఉత్తరం రాసేనాటికి అప్పీలు వేసి ఉండేవారు. భయపడి మీరే పది రోజులు పోగొట్టుకున్నారు.

రేపే నల్లగొండలోని మండలి ప్రాంతీయ కార్యాలయానికి వెళ్లి ఆర్డరు నకలు తీసుకోండి. అందులో ఏ సెక్షన్ ఉందో చూడండి. నీటి చట్టం 33ఎ అయితే అప్పీలు పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు, చెన్నైలో. గడువు 30 రోజులు. సరైన కారణం చూపితే మరో 60 రోజులు. ఆపైన ఒక్క రోజు దాటినా వినరు. గాలి చట్టం 31ఎ కూడా ఉంటే దానికి 31 కింద రాష్ట్ర అప్పీలు అధికారి దగ్గర వేరే అప్పీలు, అదీ 30 రోజుల్లోనే. సివిల్ కోర్టులో ఇంజంక్షన్ వేద్దామని ఎవరైనా అంటే వినకండి. అక్కడ ఆ అధికారం లేదు, మీ రోజులు కరుగుతాయి.

మూసివేతకు ముందు సంజాయిషీ నోటీసు ఇవ్వాలి. అది వచ్చిందా, దాన్నీ తిప్పి పంపారా? మీరు రాయలేదు. అసలు ఇవ్వకపోతే మీకున్న గట్టి వాదన అదే.

పేర్లు మార్చే ఆలోచన మానుకోండి. 2020లో ట్రిబ్యునల్ ఉత్తర్వు వచ్చేదాకా లక్ష కోళ్లలోపు ఫారాలను వదిలేసేవారు. ఇప్పుడు 5,000 దాటితే నిఘా కిందికి వస్తాయి. లెక్క ఒకేచోట ఉన్న కోళ్లది, పట్టాదారులది కాదు. కోడికి చదరపు అడుగు చొప్పున షెడ్ల కొలతే నిజం చెప్పేస్తుంది, కంపెనీ ఇచ్చిన పిల్లల కార్డులూ చెబుతాయి. ఆర్డరు తర్వాతి తేదీతో రిజిస్ట్రేషన్ కనబడితే మీ మాట ఇక ఎవరూ నమ్మరు.

అప్పీలుతో పాటు ఆలస్యం మన్నింపు అఫిడవిట్ వేయండి. ‘కవరు రాలేదు’ అని అబద్ధం రాయొద్దు, పోస్టాఫీసు రికార్డు ఎదురు తిరుగుతుంది. షెడ్లలో పక్షులున్నాయి, ఫ్యాన్లు ఆగితే చస్తాయి కాబట్టి ఈ బ్యాచ్ ఎత్తేదాకా కరెంటు తీయకుండా మధ్యంతర స్టే అడగండి. మండలి పోర్టల్‌లో అనుమతికి దరఖాస్తు చేసి రసీదు జతపరచండి. బ్యాంకు లోన్ కాగితాలు, మొదటి కరెంటు బిల్లు పెట్టండి. 2012 నుంచీ ఉన్నారని తెలిస్తే కనికరానికి పనికొస్తాయి, అంతే.

ఈగలు పుట్టేది తడి ఎరువులో. కోళ్లు నీళ్లు తాగే నిపుల్స్ కారుతుంటే మార్చండి, ఎరువును కప్పు కింద పొడిగా ఉంచండి, చచ్చిన కోళ్లను ఏ రోజువి ఆ రోజే సున్నం వేసి పూడ్చండి. పనికి ముందూ తర్వాతా తేదీ పడే ఫోటోలు తీయండి.

స్టే చేతికొచ్చేదాకా కొత్త బ్యాచ్ మాత్రం దింపుకోకండి.