డబ్బిచ్చాం కదా అని కోడ్ మనదైపోదు

ప్రశ్న: మాది రుషికొండలో చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్ల యజమానులకు డీజిల్, ఐసు, వేట సరుకు, కళాసీల వాటాలు లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ 2016లో చేశాం. ఇప్పుడు అమ్మకాలు లేవు. పాత ఉద్యోగులు కొందరు, కాలేజీ కుర్రాళ్లు కలిసి ‘ఓపెన్ సోర్స్ చేసెయ్యండి (కోడ్‌ను ఎవరైనా చూసి, వాడుకుని, మార్చుకునేలా వదిలెయ్యండి), మేం నడుపుకుంటాం’ అంటున్నారు. వాటాల లెక్క వరకూ గాజువాక ఫ్రీలాన్సర్ ఒకరి చేత రాయించాం. డబ్బు మొత్తం ఇచ్చేశాం, స్టాంపు పేపరు మీద సంతకం కూడా తీసుకున్నాం, దాని ఫొటో పంపుతున్నాను. కోడ్ పంచుకునే వెబ్‌సైటు గిట్‌హబ్‌లో పెట్టి, ఏ షరతులతో వాడుకోవచ్చో చెప్పే లైసెన్సు ఫైలు తగిలిస్తే సరిపోతుందా?
- ఒక డైరెక్టరు, విశాఖపట్నం

జవాబు: లైసెన్సు ఫైలు తగిలించడం ఐదు నిమిషాల పని. తగిలించే హక్కు మీకుందా లేదా అన్నదే చూడాలి. నా దగ్గరికి వచ్చేవాళ్లంతా ఏ లైసెన్సు మంచిదని అడుగుతారు గానీ, కోడ్ ఎవరిదని అడిగినవాళ్లు తక్కువ.

1957 కాపీరైటు చట్టం కంప్యూటర్ ప్రోగ్రాంను సాహిత్య రచన కిందే లెక్కేస్తుంది. జీతం తీసుకునే ఉద్యోగి తన పనిలో భాగంగా రాసింది, వేరే ఒప్పందం లేకపోతే, 17వ సెక్షన్ ప్రకారం మొదటి నుంచీ కంపెనీదే. కంపెనీ పెట్టకముందు మీరు ఇంట్లో కూర్చుని రాసిన తొలి వెర్షన్ ఏదైనా ఉంటే అది మీ సొంతం. దాన్ని కంపెనీకి బదలాయిస్తూ ఓ కాగితం రాసుకోండి.

ఫ్రీలాన్సర్ దగ్గరే చిక్కు. మేస్త్రీకి కూలి ఇస్తే గోడ మనది. కోడ్ అలా కాదు. రాసినవాడు రాతపూర్వకంగా, సంతకంతో బదలాయిస్తేనే కాపీరైటు మీకొస్తుంది. మీరు సంతకం తీసుకున్నారు, మెచ్చుకోవాల్సిందే, ఆ మాత్రం కూడా చేయనివాళ్లే ఎక్కువ. కానీ మీరు పంపిన కాగితంలో ఉన్నది ఒకే వాక్యం: ‘సదరు ప్రోగ్రాం తాలూకు సర్వ హక్కులు కంపెనీకి ఇచ్చివేసితిని.’ ఎన్నేళ్లకో లేదు, ఏ దేశాలకో లేదు. 19వ సెక్షన్ ఇలాంటి ఖాళీలను తానే పూరిస్తుంది. కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లే. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. మీ కాగితం తేదీ 2016 ఆగస్టు. అంటే 2021 ఆగస్టుతో ఆ ‘సర్వ హక్కులు’ తిరిగి గాజువాక వెళ్లిపోయాయని ఆయన వకీలు వాదిస్తే, నా దగ్గర గట్టి జవాబు లేదు. ప్రపంచమంతా దించుకునే చోట ఆ వాటాల మాడ్యూల్ (సాఫ్ట్‌వేర్‌లో ఆ భాగం) పెడితే అది ఉల్లంఘన కిందికి రావచ్చు.

కాబట్టి కొత్త దస్తావేజు రాయించండి. ఏ ప్రోగ్రాం, ఏయే హక్కులు, ప్రతిఫలం ఎంత, కాపీరైటు ఉన్నంతకాలం (ఆయన జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు), ప్రపంచవ్యాప్తంగా అని విడివిడిగా ఉండాలి. ఏడాదిలోపు వాడుకోకపోతే బదలాయింపు రద్దయ్యే నిబంధన కూడా చట్టంలో ఉంది, అది దీనికి వర్తించదని ఒక వాక్యం చేర్చండి. ఆయన బదలాయించనంటే, తన భాగాన్ని అదే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద స్వయంగా విడుదల చేస్తున్నట్టు రాసిచ్చినా పని జరుగుతుంది.

ఈ ఐదేళ్ల బెడద మీరిచ్చే లైసెన్సుకూ ఉంది. 30ఏ సెక్షన్ 19వ సెక్షన్‌ను లైసెన్సులకూ వర్తింపజేస్తుంది. సిద్ధంగా దొరికే ఓపెన్ సోర్స్ లైసెన్సుల్లో ఒకటైన ఎంఐటీ లైసెన్సులో కాలమూ లేదు, ప్రాంతమూ లేదు. అలాంటిదే అపాచీ 2.0 లైసెన్సులో రెండూ స్పష్టంగా ఉన్నాయి. అందుకే మన దేశపు కంపెనీకి నేను అపాచీ వైపు మొగ్గుతాను. మీ కోడ్‌ను ఎవరో మార్చి, మార్పులు దాచుకుని అమ్ముకుంటారన్న బాధ ఉంటే మార్చిన ప్రోగ్రాంను పంచితే దాని కోడ్ కూడా ఇవ్వాలనే జీపీఎల్ లైసెన్సు మూడో వెర్షన్ తీసుకోండి, ‘ప్రపంచవ్యాప్తంగా’ అన్న మాట విడుదల ప్రకటనలో విడిగా రాయండి. ఒకసారి ఇచ్చాక, షరతులు పాటిస్తున్నవాళ్ల దగ్గర్నుంచి వెనక్కి లాక్కోలేరు.

బోర్డు తీర్మానం తప్పనిసరిగా పెట్టుకోండి. బ్యాంకు అప్పుకు కంపెనీ ఆస్తులన్నీ హైపాథికేషన్‌లో (ఆస్తి మీ దగ్గరే ఉన్నా బ్యాంకుకు హామీగా రాసివ్వడం) ఉంటే అందులో ఈ సాఫ్ట్‌వేర్ కూడా ఉందేమో ఆ పత్రం చదవండి. ఉంటే బ్యాంకు అనుమతి లేకుండా ముందుకెళ్లొద్దు.

పేరు సంగతి వేరు. కోడ్ ఇచ్చినా ట్రేడ్‌మార్కు మీ దగ్గరే ఉంటుంది. 2010లో ఓపెన్ఆఫీస్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ నుంచి విడిపోయినవాళ్లు లిబ్రేఆఫీస్ అని కొత్త పేరు పెట్టుకోవాల్సి వచ్చింది, ఎందుకంటే పాత పేరు ఒరాకిల్ కంపెనీ చేతిలో ఉంది. మీ కుర్రాళ్లు మీ సాఫ్ట్‌వేర్ పేరు ఎంతవరకు వాడొచ్చో ఇప్పుడే అరపేజీలో రాసివ్వండి.

టెస్టు డేటా అంటూ అసలు బోటు యజమానుల ఫోన్ నంబర్లు కోడ్‌లో వదిలేసే అలవాటు మనవాళ్లకు బాగా ఉంది. ఫైలు తీసేసినా, కోడ్‌లో ప్రతి మార్పునూ నమోదు చేసే గిట్ చరిత్రలో అలాగే ఉంటుంది. కొత్త రిపాజిటరీ (కోడ్, దాని చరిత్ర దాచే చోటు) తెరిచి శుభ్రం చేసిన కోడ్ మాత్రమే పెట్టండి, పాస్‌వర్డులన్నీ మార్చండి. పాత రిపాజిటరీని మాత్రం పారేయకండి. ఏ లైను ఎవరు రాశారో రేపు కోర్టులో చూపించడానికి మీకున్న సాక్ష్యం అదే.

గాజువాక ఆయన దొరకకపోతే? 1998లో నెట్‌స్కేప్ తన బ్రౌజర్ కోడ్ విడుదల చేసినప్పుడు ఇతర కంపెనీల నుంచి తెచ్చుకున్న భాగాలు తీసేసి, మిగిలింది బయటపెట్టింది. మీరూ వాటాల మాడ్యూల్ పక్కన పెట్టి డీజిల్, ఐసు లెక్కలతో మొదలుపెట్టండి. వాటాల లెక్కను ఆ కోడ్ చూడనివాళ్లు కొత్తగా రాసుకోవచ్చు.